ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌ను పూడ్చే ముందు ఊపిరితిత్తులు చూడండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. డాల్ఫిన్ కళేబరం తీరానికి కొట్టుకొచ్చిందన్న వార్త మీ జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. చాలావరకు ఆ వార్త ఒకే తీరున ముగుస్తుంది: వలలో చిక్కో, ఓడ తగిలో చనిపోయి ఉంటుందని భావిస్తున్నారు, కళేబరాన్ని అక్కడే పూడ్చేశారు. వలలు, ఓడలు డాల్ఫిన్లను చంపుతున్న మాట నిజం. కానీ కోసి చూడకుండా చెప్పే కారణం ఊహే అవుతుంది. పైగా జబ్బుపడి నీరసించిన జంతువు కూడా వలను తప్పించుకోలేక, ఓడకు అడ్డం తొలగలేక చనిపోయి ఉండవచ్చు. వంటి మీద వల గాటు కనబడగానే విచారణ ముగిసినట్టు భావించడం పొరపాటు.

సముద్ర క్షీరదాల ఊపిరితిత్తుల్లో పెరిగే ఫంగస్ గురించి ఈ ఉత్తరం. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ పేరు వినని తెలుగు ఇల్లు లేదు. దేశంలో 40 వేల మందికి పైగా ఆ జబ్బు సోకింది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం బంధువులు ఊళ్లు పట్టి తిరిగారు. ఆ జబ్బు తెచ్చే మ్యూకర్ కుటుంబపు ఫంగస్‌లే ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో పోర్పాయిస్‌లను (డాల్ఫిన్‌ను పోలిన చిన్న సముద్ర క్షీరదాలు), సీల్‌లను, ఓర్కా తిమింగలాలను చంపుతున్నాయి. వాటితో పాటు ఆస్పర్జిల్లస్, క్రిప్టోకాకస్, కాక్సిడియాయిడిస్ అన్నవీ ఉన్నాయి. ఇవేవీ సముద్రంలో పుట్టినవి కావు. నేలలో, కుళ్లిన ఆకులో, చెట్టు బెరడులో బతికేవి. గాలితో, వరద నీటితో సముద్రం మీదికి చేరతాయి.

డాల్ఫిన్‌కే ఎందుకు ఇంత ముప్పు అంటే, దాని ఊపిరి తీరు అలాంటిది. మనం మామూలుగా పీల్చే గాలి అర లీటరు, అంటే ఊపిరితిత్తులు పట్టే దానిలో పదోవంతు కూడా కాదు. డాల్ఫిన్ నీటి పైకి వచ్చి ఒక్క ఊపులో తన ఊపిరితిత్తుల్లోని గాలిలో 80 శాతం దాకా మార్చేయగలదు. వదలడం, పీల్చడం రెండూ కలిపి సెకను కూడా పట్టదు. మన ముక్కులో దుమ్మును పట్టే మెలికలు తిరిగిన ఎముకల పొరలు దానికి లేవు. తల మీది రంధ్రం నుంచి గాలి నేరుగా లోపలికి దూసుకుపోతుంది. అదీ నీటికి జానెడు ఎత్తున ఉండే గాలి, అంటే అలల నురగలోంచి లేచిన తుంపరతో నిండిన గాలి. ఆస్పర్జిల్లస్ బీజం 2 నుంచి 3 మైక్రాన్లే, నేరుగా గాలి గదుల దాకా వెళ్లిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న జంతువు చాలావరకు దాన్ని అణిచేస్తుంది. తట్టు వైరస్ కుటుంబానికి చెందిన మార్బిల్లీ వైరస్ సోకి రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడో, పేరుకున్న పారిశ్రామిక రసాయనాలతో బలహీనపడినప్పుడో ఫంగస్ పైచేయి అవుతుంది. 1990 నుంచి 1992 వరకు మధ్యధరా సముద్రంలో చారల డాల్ఫిన్లు మార్బిల్లీ వైరస్‌తో పెద్ద ఎత్తున చనిపోయినప్పుడు కొన్నిటి ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ కూడా దొరికింది. కాబట్టి ఫంగస్ కనబడితే దాని వెనుక వైరస్ ఉందా అని కూడా వెతకాలి.

అన్నిటికంటే మనం శ్రద్ధగా చదవాల్సింది కెనడాలోని వాంకూవర్ దీవి కథ. క్రిప్టోకాకస్ గాటియై అన్న ఫంగస్ 1999 వరకు ఉష్ణ దేశాలకు, ముఖ్యంగా ఆస్ట్రేలియాలోని యూకలిప్టస్ (జామాయిల్) చెట్లకు పరిమితమని అందరూ అనుకునేవారు. 1999 నుంచి చల్లటి వాంకూవర్ దీవి తూర్పు తీరంలో అది మనుషుల్లో, పిల్లుల్లో, కుక్కల్లో కనబడింది. అదే కాలంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్స్ పోర్పాయిస్‌ల ఊపిరితిత్తుల్లోనూ దొరికింది. పశువైద్యులు ఆ ముడి విప్పడంలో ముందున్నారు. 2002లో ప్రచురితమైన పరిశోధన దాన్ని పలు జాతుల్లో ఒకేసారి వచ్చిన వ్యాధి విజృంభణగా నమోదు చేసింది. పార్క్స్‌విల్ దగ్గరి రాత్‌ట్రెవర్ బీచ్ పార్కులో చెట్ల బెరడు, మట్టి, గాలి పరీక్షిస్తే డగ్లస్ ఫర్ చెట్లలోనూ ఇంకొన్నిటిలోనూ ఆ ఫంగస్ బయటపడింది. తర్వాత ఆ తీరపు సముద్రపు నీటిలోనూ దొరికింది. 1999 నుంచి 2007 వరకు, ఆ దీవి ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 218 మంది మనుషులకు సోకగా, వంద మందిలో దాదాపు తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది రోగనిరోధక శక్తి లేనివారు కారు. సోకిన తర్వాత లక్షణాలు బయటపడడానికి ఆరేడు నెలలు పట్టేది. అంత ఆలస్యం ఉన్న జబ్బులో ఒక్కో చచ్చిన జంతువూ ఒక్కో ముందస్తు కబురు. గర్భంతో ఉన్న హార్బర్ పోర్పాయిస్‌లో తల్లి నుంచి కడుపులోని పిల్లకు ఆ ఫంగస్ సోకినట్టు 2011లో తేలింది. తల్లిని కోసి చూడబట్టే ఆ సంగతి తెలిసింది.

ఆ ఫంగస్ అక్కడికి ఎలా వచ్చింది? 2019లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రతిపాదన చేశారు. 1914లో పనామా కాలువ తెరిచాక దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఓడలు తమ బల్లాస్ట్ నీటితో (ఓడ నిలకడ కోసం అడుగున నింపుకునే నీరు) దాన్ని ఆ తీర జలాల్లోకి తెచ్చి ఉంటాయని, 1964 మార్చి 27న అలాస్కాలో 9.2 తీవ్రతతో వచ్చిన భూకంపపు సునామీ ఆ నీటిని తీరపు అడవుల్లోకి ఎక్కించి ఉంటుందని, తర్వాత మూడు దశాబ్దాలు నేలలో, చెట్లలో బతికి అది రాటుదేలిందని. ఇది రుజువైన సత్యం కాదు, బలమైన ఊహ. అయినా ఓడరేవులు, సునామీ చూసిన ఒడ్డు, వేల ఎకరాల జామాయిల్ తోటలు అన్నీ ఉన్న మన తీరానికి ఇది దూరపు కథ అనిపించదు. భారతదేశంలో ఈ ఫంగస్‌ను యూకలిప్టస్ చెట్ల నుంచి వేరుచేసినట్టు 1997లోనే ప్రచురితమైంది. మన డాల్ఫిన్లకు సోకిందని మేం అనడం లేదు. చూడకపోతే సోకిందో లేదో ఎప్పటికీ చెప్పలేం.

ఇక మ్యూకర్ కుటుంబం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాల మధ్య ఉన్న సేలిష్ సముద్రంలో 2012 నుంచి హార్బర్ పోర్పాయిస్‌లలో, సీల్‌లలో ఈ జబ్బు కనబడడం మొదలైంది. ఇది రక్తనాళాల గోడలను తొలుచుకుని పోతుంది. నాళం లోపల గడ్డకట్టి, ఆ పక్క కణజాలం నల్లబడి చచ్చిపోతుంది. ఎల్95 అన్న 20 ఏళ్ల మగ ఓర్కా సంగతి ప్రతి పరిశోధకుడూ చదవాలి. మొత్తం వంద కూడా లేని గుంపులోది అది. దాని కదలికలు తెలుసుకోవడానికి 2016 ఫిబ్రవరి 24న రెక్క దగ్గర శాటిలైట్ ట్యాగ్ గుచ్చారు. అంతకు ముందు ఒకసారి గురి తప్పి ఆ ట్యాగ్ సముద్రంలో పడింది. దాన్ని తీసి ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ వాడారు. పద్ధతి ప్రకారం బ్లీచ్‌తోనూ శుద్ధి చేయాల్సింది, ఆ అంచె తప్పిపోయింది. గుచ్చుకున్న చోటు కూడా ఉండాల్సిన దానికంటే కిందికి, పెద్ద రక్తనాళాలకు దగ్గరగా పడింది. ట్యాగ్ మూడు రోజులకే ఊడిపోయింది. దాని లోహపు రెక్కలు కొన్ని మాంసంలో మిగిలిపోయాయి. మార్చి 30న ఓర్కా శవం దొరికింది. గాయం నుంచి మ్యూకర్ రక్తంలోకి చేరిందని, చావుకు అది దోహదం చేసిందని అమెరికా ప్రభుత్వ నిపుణుల నివేదిక చెప్పింది. ఆ తర్వాత ఆ ట్యాగింగ్ ఆపేశారు. శవం అప్పటికే బాగా కుళ్లినా ఇంత తెలిసిందంటే, నివేదికను దాచకుండా బయటపెట్టిన సంస్థను మెచ్చుకోవాలి.

కాలిఫోర్నియాలో ఇంకో ఫంగస్. శాన్ వాకీన్ లోయ దుమ్ములో ఉండే కాక్సిడియాయిడిస్ సీ ఓటర్లకు, సీ లయన్లకు సోకుతుంది. పొడి నేలలోంచి గాలికి లేచి సముద్రం దాకా వెళ్తుంది. మనుషుల్లో దీన్నే వ్యాలీ ఫీవర్ అంటారు. కాలిఫోర్నియా నుంచో, సియాటిల్, వాంకూవర్ ప్రాంతాల నుంచో సెలవులకు వచ్చిన మనవాళ్లలో వారాల తరబడి తగ్గని దగ్గు, తలనొప్పి, ఎక్స్‌రేలో మచ్చలు కనబడి టీబీ పరీక్షలు నెగటివ్ వస్తే, మన డాక్టర్లు కాక్సిడియాయిడిస్, క్రిప్టోకాకస్ గాటియై అన్న ఈ రెండు ఫంగస్‌లనూ గుర్తుపెట్టుకోవాలి. ఎక్కడ నివసిస్తున్నారన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు, దారి దొరుకుతుంది.

చికిత్స గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బతికున్న డాల్ఫిన్లలో ఫంగస్‌కు చికిత్స చేసిన అనుభవం దాదాపు అంతా అక్వేరియంల నుంచి, అమెరికా నౌకాదళం పెంచే డాల్ఫిన్ల నుంచి వచ్చిందే. మన దేశం 2013లో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి నిరాకరించింది, అది సరైన నిర్ణయమే. ఆస్పర్జిల్లస్‌కు వోరికొనజోల్ అన్న మందు పనిచేస్తుంది. కానీ డాల్ఫిన్ శరీరం దాన్ని మనకంటే చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది. మనుషుల లెక్కన రోజుకు రెండు పూటలా ఇస్తూ పోతే మందు పేరుకుని విషమవుతుంది. రక్తంలో మందు పాళ్లు కొలుస్తూ రోజుల తేడాతో ఇవ్వాలి. మ్యూకర్‌కు వోరికొనజోల్ అసలు పనిచేయదు. దానికి ఆంఫోటెరిసిన్, పోసకొనజోల్ కావాలి. ఏ ఫంగస్ అన్నది తేల్చకుండా మందు మొదలుపెడితే జంతువు మందుల మధ్యే చనిపోతుంది. స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్‌కు ఇవేవీ అందవు కాబట్టి, మనకు మిగిలింది చనిపోయినదాన్ని జాగ్రత్తగా చదవడమే.

అందుకు తీరంలో ఏం చేయాలో వివరంగా రాస్తున్నాం, అటవీ శాఖ సిబ్బందికి, మండల పశువైద్యులకు పనికొస్తుందని.

మొదటి శత్రువు ఎండ. డాల్ఫిన్ చర్మం కింది కొవ్వు పొర వేడిని బయటికి పోనివ్వదు. చచ్చిన తర్వాత లోపల ఉడికినట్టు కుళ్లిపోతుంది. పైకి తాజాగా కనబడినా లోపల కాలేయం ముద్దయి ఉండవచ్చు. కబురు అందగానే నీడ వేసి, తడి గోనెలు కప్పి, దగ్గరి ఫిషింగ్ హార్బర్ ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఐసు తెచ్చి పొట్ట, ఛాతీ చుట్టూ పేర్చాలి. చర్మం నిగనిగలాడుతూ, కళ్లు చెడకుండా, పొట్ట ఉబ్బకుండా ఉంటే మైక్రోస్కోప్ పరీక్షకు చక్కగా పనికొస్తుంది. నాలుక బయటికి వచ్చి, పొట్ట ఉబ్బి, చర్మం ఊడుతుంటే పీసీఆర్‌కు, జాతి నిర్ధారణకు మాత్రమే పనికొస్తుంది. ఆ స్థితిలో తీసిన కల్చర్‌ను (సాంపిల్ నుంచి ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూసే పరీక్ష) నమ్మకూడదు.

కోసే ముందు రెండు వైపులా స్కేలు పెట్టి ఫొటోలు, పై దవడ కొస నుంచి తోక గాటు దాకా నిలువు కొలత, వీపు రెక్క ముందు కొవ్వు మందం నమోదు చేయాలి. తల మీది రంధ్రంలో నురగ, చీము, ఇసుక ఉన్నాయేమో చూడాలి. ఛాతీ తెరిచాక గొంతు గొట్టంతో సహా రెండు ఊపిరితిత్తులను కలిపే బయటికి తీయాలి. విడివిడిగా పీకితే శోషరస గ్రంథులు పోతాయి, జబ్బు మొదట పెద్దది చేసేది వాటినే. ఊపిరితిత్తిని చేత్తో మొత్తం నొక్కి చూసి, గట్టిగా తగిలిన ప్రతి చోటా కోయాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. డాల్ఫిన్ ఊపిరితిత్తుల్లో పురుగులు అతి మామూలు. వాటి గడ్డలు కత్తికి గరగరలాడతాయి, సున్నం పట్టి ఉంటాయి, నలిపితే దారం లాంటి పురుగు ముక్కలు వస్తాయి. ఆస్పర్జిల్లస్ గడ్డకు మధ్యన పసుపు, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. గాలి గొట్టం లోపల బూడిద పచ్చని నూగు కూడా కనబడవచ్చు. క్రిప్టోకాకస్ సోకిన చోటు కోస్తే జిగటగా, జెల్లీలా సాగుతుంది, కత్తి జారుతుంది. ఆ జిగట ఆ ఫంగస్ కణం చుట్టూ ఉండే గుళిక పొరది. స్లైడ్ మీద ఆ జిగట చుక్కకు ఇండియా ఇంకు కలిపి చూస్తే నల్లటి నేపథ్యంలో తెల్లటి వలయంతో గుండ్రటి కణాలు అక్కడికక్కడే కనబడతాయి. మ్యూకర్ అయితే ముదురు ఎరుపు, నలుపు ముక్క, గడ్డకట్టిన రక్తనాళాలు. ఒకే ఊపిరితిత్తిలో పురుగూ ఫంగస్ రెండూ ఉండవచ్చు కాబట్టి పురుగు కనబడగానే ఆపకూడదు.

ఫార్మలిన్ (కణజాలం కుళ్లకుండా నిలిపే ద్రావణం) సాంపిళ్లు: ఒక్కో ఊపిరితిత్తిలో కనీసం నాలుగు చోట్ల నుంచి సెంటీమీటరు మందం మించకుండా ముక్కలు, జబ్బు చోటూ మంచి చోటూ కలిసే అంచు తప్పక ఉండేలా. శోషరస గ్రంథి, గుండె, మూత్రపిండం, మెదడు, లోపలి చెవి కూడా. ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ పోయాలి. లీటరు తయారీకి బజారు ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, నీరు 900, మోనోసోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఈ ముక్కలను ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి.

కల్చర్ సాంపిల్‌కు దారి వేరు. పైభాగాన్ని కాల్చిన కత్తితో మాడ్చి, కొత్త బ్లేడుతో లోపలి నుంచి రెండు సెంటీమీటర్ల ముక్క తీసి, స్టెరైల్ డబ్బాలో ఐసు మీద పంపాలి. గడ్డకట్టించకూడదు. ల్యాబులో దాన్ని నూరకూడదు, బ్లేడుతో సన్నగా తరగాలి. మ్యూకర్ పోగులకు లోపల అడ్డగోడలు దాదాపు ఉండవు, నూరితే మొత్తం చచ్చిపోయి కల్చర్ నెగటివ్ వస్తుంది. ఇంకో పొరపాటు ప్లేట్ల ఎంపిక. తామర పరీక్షకు సిద్ధంగా దొరికే ప్లేట్లలో సైక్లోహెక్సిమైడ్ ఉంటుంది. అది క్రిప్టోకాకస్‌ను, మ్యూకర్‌ను, చాలా ఆస్పర్జిల్లస్‌లను ఎదగనివ్వదు. బ్యాక్టీరియాను ఆపే క్లోరాంఫెనికాల్ మాత్రమే ఉన్న, ఫంగస్‌ను పెంచే సబురాడ్ మీడియం వాడాలి. ఒకటి 30 డిగ్రీల దగ్గర, ఒకటి 37 దగ్గర నాలుగు వారాలు ఉంచాలి. క్రిప్టోకాకస్ గుర్తింపుకు వలిసెల గింజల కషాయంతో చేసిన అగార్ (ఫంగస్‌ను పెంచే జెల్లీ) వాడతారు, దాని మీద అది గోధుమ రంగుకు తిరుగుతుంది. అరకు కొండల్లో పసుపు పూలు పూసే ఆ వలిసెలే ఇవి. గాటియై అవునా కాదా అన్నది సీజీబీ అన్న ఇంకో రకం అగార్ చెబుతుంది, అవునైతే నీలం రంగు. కాక్సిడియాయిడిస్ అనుమానం ఉంటే మామూలు ల్యాబులో ప్లేటు తెరవనే కూడదు, దాని బీజాలు సిబ్బంది ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

ఇసుకలో పడి ఉన్న కళేబరం నుంచి ఆస్పర్జిల్లస్ మొలిచినంత మాత్రాన అది జబ్బు కాదు. ఇసుకలో, గాలిలో అది ఎప్పుడూ ఉంటుంది. ఫంగస్‌ను స్పష్టంగా చూపే జీఎంఎస్, పీఏఎస్ రంగులు వేసిన స్లైడులో పోగులు కణజాలంలోకి చొచ్చుకుపోయి, చుట్టూ వాపు స్పందన కనబడితేనే జబ్బని రాయాలి. సన్నగా, అడ్డగోడలతో, 45 డిగ్రీల కోణంలో చీలేవి ఆస్పర్జిల్లస్ వైపు చూపుతాయి. వెడల్పుగా, రిబ్బన్‌లా ముడుచుకుని, దాదాపు లంబకోణంలో చీలేవి మ్యూకర్ వైపు. అనుమానం ఉంటే చండీగఢ్ పీజీఐలోని జాతీయ ఫంగస్ సేకరణ కేంద్రం లాంటి చోటికి పంపాలి. జాతి నిర్ధారణకు హైదరాబాద్ సీసీఎంబీలో సదుపాయం ఉంది.

పని చేసేవారు ఎన్95 మాస్కు, రెండు జతల గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ఛాతీ తెరవకూడదు. చుట్టూ మూగే జనాన్ని గాలి వచ్చే వైపున, దూరంగా నిలబెట్టాలి. బతికుండగా ఒడ్డెక్కిన డాల్ఫిన్ అయితే ఊపిరి రంధ్రంలో నీళ్లు పోయకండి, తోక పట్టి ఈడ్వకండి, దాని ఊపిరి మొహాన పడేంత దగ్గర సెల్ఫీలు దిగకండి. న్యుమోనియాతో ఒడ్డెక్కినదాన్ని బలవంతంగా లోతులోకి నెడితే మళ్లీ తిరిగి వస్తుంది.

డాల్ఫిన్లు, తిమింగలాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అనుమతి లేకుండా వాటి నుంచి ముక్క తీయడం నేరం. చట్టం మంచిదే. కానీ ప్రతిసారీ అనుమతి కోసం ఫైలు కదిలేలోపు కళేబరం కుళ్లిపోతుంది. సముద్ర జీవుల స్ట్రాండింగ్ (ఒడ్డుకు కొట్టుకురావడం) నిర్వహణకు కేంద్రం 2021 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిని అనుసరించి ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు తీర జిల్లాలన్నిటికీ ముందస్తు స్థిర అనుమతి ఇవ్వాలి. అందులో సాంపిల్ తీసే పశువైద్యుల పేర్లు, పంపే ల్యాబులు ముందే రాసి ఉండాలి. ప్రతి తీర రేంజ్ కార్యాలయంలో కలిపి ఉంచిన ఫార్మలిన్ 5 లీటర్లు, వెడల్పు మూతి డబ్బాలు, స్టెరైల్ బ్లేడులు, ఇండియా ఇంకు సీసా, థర్మోకోల్ పెట్టె, మాస్కులు ఉంచాలి. వీటికి అయ్యే ఖర్చు కళేబరాన్ని పూడ్చడానికి తెచ్చే జేసీబీ అద్దె కంటే పెద్దగా ఎక్కువ కాదు. గన్నవరం, గరివిడి, తిరుపతి పశువైద్య కళాశాలల పాథాలజీ విభాగాలు స్లైడులు చదివే బాధ్యత తీసుకోవాలి, ఫలితం నెల లోపు జిల్లా వైద్యాధికారికి కూడా చేరాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఇకపై ఇలాంటి వార్త వేసినప్పుడు పోస్టుమార్టం జరిగిందా, ఊపిరితిత్తుల సాంపిల్ ఎక్కడికి పంపారు అన్న రెండు ప్రశ్నలు మీ విలేకరి అధికారులను అడిగి, జవాబు వార్తలో రాయాలి. ఆరు వారాల తర్వాత ఫలితం వచ్చిందో లేదో మళ్లీ అడిగి వేయాలి.

ఇట్లు,
పశువైద్య పాథాలజీ, మైకాలజీ (ఫంగస్ శాస్త్రం) రంగాల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు,
విశాఖపట్నం